డూపు కన్ను

గడ్డం ఆనించమంటే నుదురు ఆనిస్తారు. నుదురు ఆనించమంటే నోరు తెరుస్తారు. ఎదురుగా ఉన్న ఎర్రదీపం చూడమంటే "ఏ దీపమండీ" అంటూ తల వెనక్కి తీసి, గోడ మీది క్యాలెండరు దాకా వెతికి వస్తారు. నాలుగేళ్లుగా రెండు గోదావరి జిల్లాల జనాన్నీ ఆ గడ్డంపీట మీద ఒక్కొక్కరినీ పెట్టి చూసిన యెహెజ్కేలుకి మనుషుల మీద గౌరవం అడుగంటిపోయింది. పైకి మాత్రం ఏమీ అనడు. "రెండుసార్లు రెప్ప కొట్టండి. ఇప్పుడు పెద్దగా తెరవండి. కదలకండి." రోజుకి పాతిక ముప్పై మందికి ఈ మూడు మాటలే. తక్కినవన్నీ లోపల అనుకుంటాడు. అవి చాలా ఉంటాయి.

రాజమండ్రి దానవాయిపేటలో జగన్నాథరావు గారి కంటి ఆసుపత్రి మేడ మీద, కిటికీలకి నల్లగుడ్డ కట్టిన గది అతనిది. గదిలో ఒక మెషిను, ఒక కంప్యూటరు, రంగుల్లో అచ్చువేసే ప్రింటరు. మెషినుకి ముందువైపు వెడల్పాటి గరాటు ఉంటుంది. దాని లోపల ఒకదానిలో ఒకటిగా తెల్లటి వలయాలు వెలుగుతాయి. ఆ వలయాల నీడ వచ్చినవాళ్ల కంటి మీద పడుతుంది. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పొరని కార్నియా అంటారు. పొర నున్నగా, సమంగా ఉంటే వలయాలు సమంగా పడతాయి. ఎక్కడైనా ముందుకి పొడుచుకు వచ్చి ఉంటే అక్కడ వంకర పోతాయి. ఆ వంకరని కొలిచి కంప్యూటరు కంటికి రంగుల పటం గీస్తుంది. మంచి కన్ను పచ్చగా వస్తుంది. పొడుచుకు వచ్చిన చోట పసుపు, నారింజ, ఆపైన ఎరుపు.

లేజరుతో కళ్లజోడు వదిలించుకుందామని వచ్చినవాళ్లు ఎవరైనా ముందు ఈ గరాటులోకి చూడాల్సిందే. లేజరు ఆ పొరని ఇంకాస్త చెక్కి పలచన చేస్తుంది. ఉన్న పొరే నీరసంగా పొడుచుకు వస్తుంటే, దాన్ని మళ్లీ చెక్కితే ఏమవుతుందో గోడ కట్టించిన వాడెవడైనా చెప్తాడు. అయితే వచ్చేవాళ్లకి ఇదంతా పట్టదు. పుట్టిన దగ్గర్నించీ పరీక్షలు తప్ప మరొకటి ఎరగని జనం. గడ్డం ఇంకా పీట మీద ఉండగానే "పాసయ్యానాండీ?" అని అడుగుతారు. ఒకాయన ముందురోజు ఫోను చేసి, పరీక్ష బాగా రావాలంటే పొద్దున్న ఏం తిని రావాలని కూడా అడిగాడు.

సత్యనారాయణరాజు గారు మొదటిసారి వచ్చింది ఆషాఢంలో ఒక సోమవారం. భీమవరం అవతల డెబ్భై ఎకరాల రొయ్యల చెరువుల ఆసామీ. తెల్లచొక్కా, తెల్లపంచె, చేతిలో ఎప్పుడూ మోగుతూ ఉండే సెల్‌ఫోను. ఆయన మర్యాద సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గుమ్మంలోనే రెండు చేతులూ జోడించి "ఏవండీ ఫోటోగ్రాఫరు గారూ, బాగున్నారాండీ, టిఫిన్లు అయ్యాయాండీ" అన్నారు. జవాబు వచ్చేలోపు ఫోను తీసి ఇంకెవరినో టిఫిన్లు అయ్యాయా అని అడిగారు. యెహెజ్కేలు పేరు అతని చొక్కా జేబు మీది బిళ్లలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. రాజుగారు దాన్ని చదవనూ లేదు, పేరేంటని అడగనూ లేదు. నాలుగేళ్లలో ఆ గదికొచ్చి ఆ పేరు అడిగినవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. యెహెజ్కేలు ఎప్పుడూ లెక్కపెడుతూనే ఉండేవాడు.

తండ్రి వెనకాల వచ్చినవాడు శ్రీనివాసరాజు. ఇరవై నాలుగేళ్లుంటాయి. చీకటిగదిలోకి కూడా నల్లద్దాలతోనే వచ్చాడు. సినిమా హీరో కాబోతున్నాడట. శ్రావణంలో ముహూర్తం. కొబ్బరికాయ కొట్టబోయే పెద్దమనిషితో సహా అన్నీ కుదిరాయి. సినిమా తీసేది తండ్రిగారే కనుక హీరో ఎవరన్న చర్చ అసలు రాలేదు. చిక్కల్లా ఒక్కటే. ఓ రోజు ఊరికే కెమెరా ముందు నిలబెట్టి దీపాలు వేసేసరికి హీరో కళ్లు చికిలించాడు. ప్రేమగా చూడమంటే చికిలించాడు, కోపంగా చూడమంటే చికిలించాడు. కళ్లలో లెన్సులు పెట్టినా చికిలింపు పోలేదు. లేజరు చేయిస్తే కళ్లు వాటంతటవే విప్పుకుంటాయని డైరెక్టరు సలహా చెప్పాడు.

యెహెజ్కేలు వలయాలు సరిచేసి బటను నొక్కాడు. రెండు కళ్లలోనూ పటం కింది సగంలో ఎర్రటి మచ్చ లేచింది. చికిలింపుకి కారణం అక్కడే ఉంది. పొర కోసుగా, మొనదేలి ముందుకి వస్తే లోకం చెదిరిపోయి కనిపిస్తుంది. ఏ మనిషైనా కన్ను చికిలించి దాన్ని కూడదీసుకోవాలని చూస్తాడు.

కింద గదిలో జగన్నాథరావు గారు ఆ కాయితం చూశారు. ఆయన మనుషుల మొహాలు చూడరు. పాతికేళ్లుగా కళ్లే చూసి చూసి, మొహమనేది కళ్లు పెట్టుకోడానికి ఏర్పాటైన అనవసరమైన ఖాళీ స్థలం అనుకునే దశకి వచ్చారు. డెబ్భై ఎకరాల కేసుని ఒక్కమాటతో వదులుకోడానికి మనసొప్పలేదు. "లెన్సుల ఒత్తిడికి కూడా ఇలా రావచ్చండి. వారం రోజులు లెన్సులు మానేసి రమ్మనండి. మళ్లీ తీసి చూద్దాం" అన్నారు. అది అబద్ధమేమీ కాదు, అప్పుడప్పుడు అలా జరుగుతుంది. అయితే ఈ ఎరుపు ఆ జాతిది కాదని ఆయనకీ తెలుసు, యెహెజ్కేలుకీ తెలుసు.

రాజుగారికి అర్థమైంది వేరు.

"అంటే సప్లిమెంటరీ రాయాలన్నమాట" అన్నారు మెట్లు దిగుతూ కొడుకుతో.

మళ్లీ సోమవారం పదకొండింటికి మేడ మెట్లు ముందుగా ఎక్కింది ఒక థర్మోకోలు పెట్టె. రాజుగారి డ్రైవరు దాన్ని తెచ్చి మెషిను బల్ల పక్కనే దించాడు. మూత సందుల్లోంచి ఐసునీళ్లు కారి, కరెంటు ప్లగ్గు వైపు దారి తీశాయి.

"టైగరు రొయ్యలండీ. తెల్లారగట్ల పట్టించాను. తమరి కోసమే" అన్నారు రాజుగారు గుమ్మంలోంచి, రెండు చేతులూ జోడించి.

చుక్కలమందు వేసే ఆయా చిట్టెమ్మ గబగబా తడిగుడ్డ తెచ్చి నేల ఒత్తింది. "మిషనుకి నీళ్లు తగిల్తే డాక్టరుగారు వేపేది రొయ్యల్ని కాదు, మనల్ని" అని గొణిగింది.

ఆ తర్వాత వచ్చాడు మనిషి. సోడాబుడ్డి అద్దాల కళ్లజోడు పెట్టుకుని, సెంటు వాసన కొట్టే సిల్కు చొక్కా తొడుక్కుని, గడప ఎక్కడుందో తెలియక కాలితో తన్నుకుని చిట్టెమ్మ స్టూలు మీద పడబోయాడు. ఆసరాకి గోడ పట్టుకుని, అటు తిరిగి గోడకే నమస్కారం పెట్టాడు. ఆ కళ్లజోడు వేరే ఎవరిదో. అది పెట్టుకుంటే అతనికి గదే కనిపించడం లేదు.

"మా అబ్బాయేనండి" అన్నారు రాజుగారు. "వారం రోజులు చెరువుల మీద తిరిగేడు కదండీ, కాస్త నల్లబడ్డాడు."

వారం రోజుల్లో మనిషి నల్లబడవచ్చు. నాలుగంగుళాలు పొట్టి కావడం యెహెజ్కేలు ఎక్కడా వినలేదు. ఫోటోలు తీసేవాడికి మొహాలేం గుర్తుంటాయిలే అనుకున్నారు కాబోలు రాజుగారు. ఒకవేళ గుర్తున్నా, ఆ సంగతి పెట్టెలోని రొయ్యలు చూసుకుంటాయి. ఇంతకీ ఆయన చేసింది ఆయన లెక్కలో పెద్ద తప్పు కూడా కాదు. ఒకడి హాల్‌టికెట్టు మీద ఇంకొకడు పరీక్ష రాయడం చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో జరగలేదు? హీరో బదులు మేడ మీంచి దూకడానికి సినిమాల్లో డూపు ఉంటాడు. అలాగే కంటి ఫోటోకి కూడా ఒక డూపుని పెట్టారు. తరవాత ఆ పచ్చకాయితం పట్టుకుని అసలువాడి కళ్లు చెక్కిస్తారు, అసలువాడి కళ్లు పోతాయి, అప్పుడు ఆసుపత్రి మీదికి నలుగుర్ని తీసుకొచ్చి అద్దాలు పగలగొడతారు. తెలివంటే ఇదీ అనుకున్నాడు యెహెజ్కేలు.

అక్కడే ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. ఫోటో తీశాక డాక్టరుగారి ముందు బయటపెడితే ఇంకా రక్తి కడుతుందనుకున్నాడు.

రాజుగారు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లారు.

"కూర్చో" అన్నాడు యెహెజ్కేలు.

"ఆయ్" అన్నాడు డూపు. సిల్కుచొక్కా నలక్కుండా కుర్చీ అంచు మీద కూర్చుని, కళ్లజోడు తీసి, రెండు పిడికిళ్లతో కళ్లు నలుపుకున్నాడు. కుడికన్ను ఎడమదానికంటే ఎక్కువసేపు, బొటనవేలి కణుపుతో గుడ్డు లోపలికి పోతుందేమో అన్నట్టు నలిపాడు. అతని గోళ్ల చివర్లు తెల్లగా ఉన్నాయి, వేళ్ల సందులు పగిలి ఉన్నాయి. హీరోగారి చేతులు అలా ఉండవు.

"గడ్డం ఇక్కడ. నుదురు ఆ పట్టీకి. ఎర్రదీపం చూడు."

ఒక్కసారికే చూశాడు. ఎంతో చదువుకుని వచ్చినవాళ్లు కూడా అంత సరిగా కూర్చోరు. ముందు ఎడమకన్ను. పటం వచ్చింది. నిండా పచ్చదనం, నాట్లేసిన నెల్లాళ్లకి పొలం ఉన్నట్టుంది. యెహెజ్కేలు మెషినుని కుడికంటి వైపు జరిపాడు.

"రెండుసార్లు రెప్ప కొట్టు. ఇప్పుడు పెద్దగా తెరువు. కదలకు."

వలయాలు కిందకి జారిపోయి పడ్డాయి. కన్ను తడిగా లేదేమోనని మళ్లీ రెప్ప కొట్టమని ఇంకోసారి తీశాడు. మూడోసారి కూడా తీశాడు. మూడుసార్లూ అదే. పటం కింది సగమంతా ఎరుపు. మధ్యలో ఎరుపు కూడా చాలక మెషిను తెల్లగా వదిలేసింది. అసలు హీరోగారి కళ్లు రెండూ కలిపినా ఇంత లేదు.

యెహెజ్కేలు నవ్వాడు.

ఆ గదిలో అతను నవ్వగా చిట్టెమ్మ కూడా ఎప్పుడూ చూడలేదు. నవ్వక ఏం చేస్తాడు? ఊళ్లో ఉన్న డెబ్భై ఎకరాల బుర్రంతా కలిసి పరీక్షకి దొంగ కుర్రాణ్ని వెతికి పట్టుకొస్తే, దొంగ కుర్రాడు అసలువాడికంటే ఘోరంగా తప్పాడు. గడ్డంపీట మీదే గడ్డం పెట్టుకుని ఉన్న డూపు, కంప్యూటరు వెలుగులో ఆ నవ్వు చూసి, తనూ కాస్త నవ్వాడు.

ఇక పొర మందం కొలవాలి. దానికి పెన్ను లాంటి సాధనాన్ని కంటికి ఆనిస్తారు. నొప్పి తెలియకుండా చిట్టెమ్మ ముందుగా తిమ్మిరి చుక్కలు వేసింది. డూపు కళ్లు మూసి, తెరిచి, మళ్లీ మూశాడు.

"దురద పోయిందండి" అన్నాడు, నమ్మలేనట్టు. "ఎన్నాళ్లకి పోయిందండీ బాబూ. ఈ మందు ఎక్కడ దొరుకుద్దండి?"

"బయట ఇవ్వరు నాయనా. ఇక్కడే వేస్తారు" అంది చిట్టెమ్మ.

"ఎంతసేపుంటుందండి?"

"పావుగంట."

"పావుగంటే!" అని కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నాడు, ఆ పావుగంటా పోనివ్వకూడదన్నట్టు.

ఎడమకంటి మందం బాగానే ఉంది. కుడిది చూసి యెహెజ్కేలు పెన్ను మళ్లీ ఆనించాడు. మామూలు పొర మందంలో నాలుగోవంతు తగ్గిపోయింది. కంప్యూటరులో పేరు అడిగిన చోట 'శ్రీనివాసరాజు' అని కొట్టి కాయితం అచ్చు వేశాడు. డాక్టరుగారి దగ్గర బయటపెట్టాలన్న ఆలోచన అప్పుడే మానుకున్నాడు. నిజం చెప్తే రాజుగారు చేతులు జోడించి, నవ్వేసి, వచ్చే సోమవారం ఇంకో డూపుని తెస్తారు. చెప్పకపోతేనే అందం. దొంగ వేసిన కన్నంలో దొంగే ఇరుక్కోవాలి.

ఎప్పుడూ చిట్టెమ్మ పట్టుకెళ్లే ఫైలుని ఆ రోజు తనే కిందకి పట్టుకెళ్లాడు. డూపుని వరండాలో వదిలేసి రాజుగారు ఒక్కరే డాక్టరుగారి ముందు కూర్చున్నారు. జగన్నాథరావు గారు కాయితం వెలుగులోకి తిప్పి చూశారు.

"లెన్సులు మానేశాక ఎడమకన్ను బ్రహ్మాండంగా తేరుకుందండి. కుడిదే బాగా పాడైంది. కోసుగా ముందుకొచ్చేసింది, పొర చాలా పలచబడింది. ఒక కన్ను ఇలా ఉన్నప్పుడు రెండోదాన్ని కూడా ముట్టుకోకూడదు. లేజరు మాట మరిచిపోండి" అన్నారు. "ముఖ్యంగా కన్ను నలపకూడదు. నలిపేకొద్దీ ముదురుతుంది. దురదకి చుక్కలు రాస్తాను. గట్టిరకం లెన్సు వేయించాలి, ఆరునెల్లకోసారి చూపించాలి. అశ్రద్ధ చేస్తే ఆ పొర తీసేసి, చనిపోయినవాళ్ల కంటి పొర తెచ్చి కుట్టాల్సి వస్తుంది."

రాజుగారి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలకలా అయింది. ఇది మావాడి కన్ను కాదండీ అనడానికి లేదు. మావాడి కన్నేనండీ అని ఒప్పుకోడానికీ లేదు. "మీ మిషను సరిగ్గా పనిచేస్తోందాండీ?" అన్నారు చివరికి, యెహెజ్కేలు వైపు చూసి, చెయ్యి జోడించడం మరిచిపోయి. నాలుగేళ్లలో యెహెజ్కేలు ఇంత హాయిగా ఎప్పుడూ నిలబడలేదు.

వరండాలో డూపు లేచి నిలుచున్నాడు.

"ఏరా, కదలకుండా కాసేపు కూర్చోవడం కూడా చేతకాలేదేంట్రా నీకు?" అన్నారు రాజుగారు.

"రెప్ప వేశానేమోనండి" అన్నాడు డూపు. కళ్లజోడు మడిచి జాగ్రత్తగా ఆయన చేతిలో పెట్టాడు. కారు ఎక్కబోతూ మళ్లీ కుడికన్ను నలుపుకున్నాడు. పావుగంట అయిపోయినట్టుంది.

రొయ్యల పెట్టె మాత్రం వెనక్కి వెళ్లలేదు. ఆ సాయంత్రం యెహెజ్కేలు ఇంట్లో రొయ్యల ఇగురు. కథ విని అతని భార్య నవ్వి నవ్వి గరిటె కింద పెట్టేసింది. మర్నాడు కళ్లజోళ్ల కౌంటరులో కూర్చునే శాంతికుమార్‌కి చెప్పాడు. శాంతికుమార్ మందుల షాపులో చెప్పి, మందుల షాపువాణ్ని వెంటబెట్టుకొచ్చి మళ్లీ చెప్పించుకున్నాడు. చెప్పినకొద్దీ కథ పదునెక్కింది. మంగళవారం సాయంత్రానికి డూపు గోడకి ఒకటి కాదు, మూడు నమస్కారాలు పెడుతున్నాడు.

బుధవారం టీ వేళ చిట్టెమ్మ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆ అబ్బాయికి చుక్కలేమైనా రాశారాండి డాక్టరుగారు?"

"ఏ అబ్బాయి?"

"అదేనండి. గడప తన్నుకున్నాడు చూడండి. దురద పోయిందని ఎంత సంబరపడ్డాడో. ఆ కన్ను ఎలా ఉందంటండి?"

యెహెజ్కేలు కథ అందుకోబోయాడు. ఎవరి కన్ను చిట్టెమ్మా, రాజుగారిదా, హీరోగారిదా, అనేది అతని నోటి చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

కాయితం మీద ఉన్నది శ్రీనివాసరాజు పేరు. ఆ కాయితం ఈపాటికి భీమవరంలో ఏ బీరువాలోనో ఉంటుంది, లేదా చింపేసి ఉంటారు. చుక్కల చీటీ కూడా దానితోపాటే పోయి ఉంటుంది. కన్ను నలపకూడదన్న మాట విన్నది రాజుగారు. నలుపుకునేవాడు వరండాలో ఉన్నాడు. కన్ను మాత్రం అతనితోపాటే మెట్లు దిగి, కారెక్కి వెళ్లిపోయింది. ఆ కన్ను ఎవరిదో, ఆ ఎరుపు ఎంత నిజమో రెండూ తెలిసినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడూ రొయ్యల ఇగురు తిని, రెండ్రోజులుగా ఊరంతా నవ్విస్తున్నాడు.

"ఎవరూ చెప్పలేదాండి ఆ అబ్బాయికి?" అంది చిట్టెమ్మ, అతని మొహం చూసి.

"నువ్వు చెప్పొచ్చుగా" అన్నాడు యెహెజ్కేలు విసురుగా.

"నాకేం తెలుసండి? చుక్కలు వేసేదాన్ని. ఫోటో చూసింది మీరు కదా" అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. యెహెజ్కేలుకి సిగ్గేసింది. సిగ్గు అతనికి అలవాటు లేని సరుకు కనుక, ముందు కోపం అనుకున్నాడు.

గురువారం సెలవు పెట్టాడు. ఫైలులో ఊరి పేరుంది. కంప్యూటరులోంచి ఇంకో కాపీ అచ్చు వేసి, మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. వంతెన దాటి కొవ్వూరు, నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమవరం. కిటికీ పక్క సీటులో దారి పొడుగునా రాజుగారిని తిట్టుకున్నాడు, కొడుకుని తిట్టుకున్నాడు, మొహాలు చూడని డాక్టరుగారిని తిట్టుకున్నాడు. ఎవడి పేరు మీదో వచ్చి కూర్చున్నందుకు ఆ డూపు వెధవని కూడా తిట్టుకున్నాడు. భీమవరంలో దిగేసరికి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. అక్కణ్నించి షేరాటోలో చెరువుల దాకా ఊరికే కూర్చున్నాడు.

గేటు దగ్గర నీడలో కూర్చున్న కాపలా ముసలాయన ఏసుపాదం లేచి వచ్చాడు.

"ఎవరు కావాలండి?"

"ఇక్కడ పనిచేసే అబ్బాయండి. సోమవారం రాజుగారితో రాజమండ్రి వచ్చాడు."

"పేరేంటండి?"

యెహెజ్కేలు ఆ అబ్బాయి పేరు అడగనే లేదు. తన పేరు అడిగినవాళ్లని నాలుగేళ్లుగా వేళ్ల మీద లెక్కపెడుతున్న మనిషి.

"పేరు తెలీదు. కళ్లు నలుపుకుంటూ ఉంటాడు."

"చెరువుల మీద అందరూ నలుపుకుంటారండి" అన్నాడు ఏసుపాదం. "సున్నం జల్లుతాం కదండీ, గాలికి కళ్లల్లోనే పడుద్ది. నేను మానేసి రెండేళ్లయింది, నాకింకా దురదే." ఒక క్షణం ఆలోచించి, "రాజమండ్రి అంటే మన హరిబాబేమో. రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చిందేమో చూసేది వాడేనండి. ఆవగింజంత మచ్చుంటే చాలు, పట్టేస్తాడు. అందుకే రాజుగారు తీసుకెళ్లేరు, వాడి చూపంత చూపు ఈ డెబ్భై ఎకరాల్లోనూ లేదని."

హరిబాబు నాలుగో చెరువులో బల్లల వంతెన చివర వంగి, మేత తిన్నాయో లేదో చూసే వలపళ్లాన్ని తాడుతో పైకి లాగుతున్నాడు. పాత బనీను, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన లుంగీ. పళ్లెంలో నాలుగు రొయ్యలు ఎగిరిపడుతున్నాయి. ఒకదాన్ని తలా తోకా పట్టుకుని వెలుగుకి ఎదురుగా ఎత్తి, మెడ కాస్త కుడివైపు తిప్పి, ఎడమకన్నుతో చూశాడు. మామూలు మనిషి మెడ అంతగా తిప్పక్కర్లేదు. యెహెజ్కేలు బల్లల మీద నిలబడి అది చూశాడు.

"అరె, ఫోటోల సారు" అన్నాడు హరిబాబు, రొయ్యని నీళ్లలోకి వదిలేసి. "మళ్లీ తియ్యాలాండి? ఈసారి రెప్ప వెయ్యనండి. ఆ రోజు రాజుగారు బాగా కోప్పడ్డారు. చినబాబుగారి సినిమా నా మూలానే ఆగిపోయేలా ఉందంట."

"నీ మూలాన కాదు" అన్నాడు యెహెజ్కేలు. "ఇలా రా."

దగ్గరికొచ్చిన హరిబాబు ఎడమకన్ను మీద యెహెజ్కేలు తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. చెరువు మధ్యలో గాలి కొట్టే మెషిను తిరుగుతూ నీళ్లు చిమ్ముతోంది.

"ఆ చక్రాలు ఎన్నున్నాయో చెప్పు."

హరిబాబు చికిలించాడు. హీరోగారిలాగే చికిలించాడు.

"చాలా ఉన్నాయండి. ఒకదాని మీద ఒకటి, సాగిపోయి ఉన్నాయి."

"నా మొహం?"

"మీ మొహం ఉందండి. ముక్కూ అదీ తెలీట్లేదు." అని నవ్వాడు. "ఒక కన్ను మూస్తే ఎవరికైనా అంతే కదండీ."

"కాదు" అన్నాడు యెహెజ్కేలు. చెయ్యి తీసి, ఈసారి కుడికన్ను మూశాడు. "ఇప్పుడు?"

"నాలుగు చక్రాలండి. ఒకదానికి రెక్క విరిగింది. మీ జేబు మీద యెహెజ్కేలు అని ఉంది." గడగడా చదివేసి హరిబాబు ఆగిపోయాడు. తనే చెయ్యెత్తి ఎడమకన్ను మూసుకున్నాడు, తీశాడు, మళ్లీ మూసుకున్నాడు. పైకి లాగిన వలపళ్లెం బల్ల అంచునుంచి జారి నీళ్లలో పడిపోయింది. అతను అటు చూడలేదు.

సెలవు రోజు కూడా పేరుబిళ్ల పెట్టుకునే వచ్చానని యెహెజ్కేలుకి అప్పుడు తెలిసింది. జేబులోంచి కాయితం తీసి విప్పాడు. ఈ పచ్చది ఎడమకన్ను, ఈ ఎర్రది కుడిది అని చూపించాడు. పొర కోసుగా వచ్చిందని, సున్నం పడి నలిపి నలిపి ఇంతైందని, ఇక నలపకూడదని, శనివారం రాజమండ్రి వస్తే అతని పేరు మీదే చీటీ రాయించి చుక్కలూ లెన్సూ సంగతి తను చూస్తానని చెప్పాడు. డాక్టరుగారు అన్న మాటలన్నీ చెప్పాడు, చనిపోయినవాళ్ల పొర మాట తప్ప. హరిబాబు కాయితం మీద వేలు పెట్టి పైన ఉన్న పేరు చదివాడు.

"చినబాబుగారి పేరుందండి."

"అవును. కన్ను నీది."

హరిబాబు కాసేపు ఆ ఎర్రమచ్చ వైపే చూశాడు.

"నిన్న నాలుగు చెరువులకి సున్నం జల్లేమండి. మొన్న కూడా. తెల్లార్లూ నలుపుకుంటూనే ఉన్నాను" అన్నాడు. తర్వాత తలెత్తాడు. "ఇది సోమారమే తెలిసిందాండి మీకు?"

యెహెజ్కేలు దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. రాజుగారి మీద, వాళ్ల తెలివి మీద, దొంగపేర్ల మీద. వాటిలో ఒక్కటీ ఇక్కడికి పనికి రాలేదు.

"తెలిసింది" అన్నాడు.

"మీరు నవ్వేరు కదండీ" అన్నాడు హరిబాబు. నిష్ఠూరంగా అనలేదు, గుర్తు చేసుకుంటున్నట్టు అన్నాడు. "బాగా వచ్చిందనుకున్నానండి."

గాలికి చెరువు నీళ్ల తుంపర వచ్చి ఇద్దరి మీదా పడింది. హరిబాబు చెయ్యి అలవాటు చొప్పున కుడికంటి మీదకి లేచింది. యెహెజ్కేలు ఆ మణికట్టు పట్టుకుని ఆపాడు. చర్మం మీద సున్నం గరగరలాడింది.

"దురదండి" అన్నాడు హరిబాబు.

"తెలుసు."

"ఎంతసేపని పట్టుకుంటారండి?" అని నవ్వబోయి మానేశాడు. రెండో చెయ్యి పైకి లేచింది. యెహెజ్కేలు కాయితాన్ని నీళ్లలోకి వదిలేసి దాన్నీ పట్టుకున్నాడు.